పాత సైకిల్ చక్రాలు – 3వ పాఠం: ఒకటిన్నర వేరు, 1.5 వేరు

ఈసారి రిమ్ము రకాల గురించి రాద్దామనుకున్నాను. కుదరలేదు. టైరు మీది 28 రిమ్ము కొలత కాదని పోయినసారి ఒక్క ముక్కలో తేల్చేశాను, తప్పు నాదే. రిమ్ము 25 అంగుళాలే వస్తోందని కొందరు కంగారుపడ్డారు. ఒకాయన 28 అని చూసి టైరు కొనుక్కొచ్చి, స్పానర్లతో కుళ్లగించి ట్యూబు చించుకున్నారు.

రాడ్ బ్రేకుల నల్ల సైకిలు టైరు చూడండి. 28×1½, పక్కనే 40-635 అని ఉంటుంది. 40 అంటే మిల్లీమీటర్లలో టైరు మందం. 635 మిల్లీమీటర్లు అంటే టైరు అంచులోని తీగ రిమ్ములో కూర్చునే చోట వ్యాసం. సరిగ్గా 25 అంగుళాలు. పైన 40, కింద 40 కలిపితే 715, దాదాపు 28 అంగుళాలు. ఆయన తెచ్చింది 28×1⅝×1⅜, అంటే 37-622. తీగ సాగదు కదా, 13 మిల్లీమీటర్లు తక్కువైతే ఎలా ఎక్కుతుంది?

ఎక్కని టైరుతో పోయేది డబ్బే. సులువుగా ఎక్కేదానితోనే ప్రమాదం. లెక్కల మాస్టారికి ఒకటిన్నరా 1.5 ఒకటే, టైరుకు కాదు. 26×1.5 అంటే 559. 26×1½ అంటే 584. పాత ఇంగ్లీషు సైకిళ్ల 26×1⅜ అయితే 590. ఈ 590 టైరును 584 రిమ్ముకు చేత్తోనే ఎక్కించేయొచ్చు. నేనూ ఎక్కించాను. గాలి కొడుతుంటే ఒక పక్క అంచు రిమ్ము దాటి పైకి లేచింది, ట్యూబు నిమ్మకాయంత బయటికొచ్చింది, ఢామ్మంది. సాయంత్రం దాకా చెవుల్లో హోరు. అప్పటినుంచి అంగుళాలు చూడడమే మానేశాను. షాపులో "635 ఉందా?" అంటాను. కుర్రాడు వింతగా చూస్తాడు, చూడనీ.

వెస్ట్‌వుడ్, ఎండ్రిక్ అనేవి కొలతలు కావు, రిమ్ము ఆకారాలు. వెస్ట్‌వుడ్‌కు రాడ్ బ్రేకు రబ్బర్లు ఇరుసు వైపు నుంచి ఒత్తుతాయి. ఎండ్రిక్‌కు పక్కలు చదునుగా ఉంటాయి, అక్కడ పట్టే బ్రేకులకు. రెండూ 590లో దొరుకుతాయి. మిగతాది వచ్చేసారి.

అభ్యాసం: టైరు ఊడదీసి, తీగ కూర్చునే గట్టు మీద సన్నటి కాగితపు పట్టీ చుట్టి కొలవండి. 1995 దగ్గర వస్తే 635, 1954 అయితే 622, 1854 అయితే 590. మూడుసార్లు కొలవండి. మూడూ కలవకపోతే పట్టీ గట్టు దిగి గుంటలోకి జారిందన్నమాట, మళ్లీ మొదటినుంచి.