కారుతో సహా బెంగళూరు వచ్చారా? బ్యాటరీ సంగతి వినండి

మొన్న సోమవారం తెల్లవారుజామున మా అపార్ట్‌మెంట్ సెల్లారులో టక టక టకమని చప్పుడు వినిపించింది. చూడకుండానే అర్థమైంది. రెండు నెలల క్రితం విజయవాడ నుంచి వచ్చిన కుర్రాడు తాళంచెవి తిప్పుతున్నాడు, పక్క సీట్లో చంటిబిడ్డతో భార్య. రైలు అందుకోవాలి. "రోజూ ఐదు నిమిషాలు స్టార్ట్ చేస్తూనే ఉన్నానండీ" అన్నాడు. నాకు ఒళ్లు మండింది. అతని మీద కాదు. ఆరేళ్ల క్రితం అదే సెల్లారులో అదే మాట నేనూ అన్నాను.

అద్దె అడ్వాన్సు, గ్యాస్, పిల్లల బడి గురించి చెప్పేవాళ్లు మారతహళ్లిలో వీధికి పదిమంది దొరుకుతారు. ఇది మాత్రం ఎవరూ చెప్పరు.

మన ఊళ్లో రోజూ తిరిగిన కారు ఇక్కడికి రాగానే కూలబడుతుంది. ట్రాఫిక్ ఒక కారణం. 2023 అక్టోబరులో వైట్‌ఫీల్డ్ నుంచి చల్లఘట్ట దాకా మెట్రో పూర్తిగా తెరుచుకున్నాక ఆఫీసుకు కారు తీసే అవసరం చాలామందికి తగ్గింది. పైగా పొరుగు రాష్ట్రం నంబరు ప్లేటు చూసి ఎవరు ఆపుతారోనన్న గుబులు. పన్నెండు నెలలు దాటి ఇక్కడే ఉంచుకుంటే రిజిస్ట్రేషన్ మార్చుకోవాలన్నది చట్టం, మార్చుకోండి. అంతేగాని కారును దాచుకుంటే ఏం లాభం?

దాచిన కారు నిద్రపోదు. అలారం, రిమోట్ తాళం, గడియారం, లోపలి కంప్యూటర్ అన్నీ మెలకువగానే ఉండి 20 నుంచి 50 మిల్లీఆంపియర్లు లాగుతుంటాయి. 50 అనుకుంటే రోజుకు 1.2 ఆంపియర్ అవర్లు (బ్యాటరీ నిల్వను కొలిచే లెక్క ఇది). చిన్న కార్లలో ఉండేది 35 ఆంపియర్ అవర్ల బ్యాటరీ. నెల తిరిగేసరికి ఏం మిగులుతుందో మీరే లెక్క వేసుకోండి. ఇంజను తిప్పే సత్తా అంతకు చాలా ముందే పోతుంది. డాష్ కెమెరాను నేరుగా బ్యాటరీకి కలిపించుకున్నవారి సంగతి ఇంకా అధ్వానం.

ఇక ఆ ఐదు నిమిషాల పూజ. దయచేసి మానండి. నేనైతే ఏసీ వేసి, పాటలు పెట్టి మరీ చేసేవాణ్ని, కారుకు సేవ చేస్తున్నానన్న తృప్తితో. కారు నిలబడి ఇంజను తిరుగుతున్నప్పుడు బ్యాటరీని నింపే ఆల్టర్నేటర్ ఇచ్చేది కొద్దిగానే, అందులో సింహభాగం ఏసీ ఫ్యాను, దీపాలే తినేస్తాయి. స్టార్ట్ చేయడానికి ఖర్చయింది తిరిగి వస్తే గొప్ప, రాత్రంతా బొట్టుబొట్టుగా కారిపోయింది మాత్రం రాదు. కారులో ఉండే సీసం బ్యాటరీ మింగేది మెల్లగా, గటగటా తాగలేదు. చార్జి తక్కువగా ఉండగా వారాల తరబడి వదిలేస్తే లోపలి పలకల మీద సల్ఫేటు గట్టిపడుతుంది, ఆ తర్వాత ఎంత చార్జి చేసినా పూర్వపు బలం రాదు.

నాకు సంక్రాంతికి ఊరు బయలుదేరే రోజే ఆ ముచ్చట తీరింది. బానెట్ గోడ వైపు, పక్కన స్తంభం. కప్పు తక్కువ ఎత్తు, లాగే బండి కిందికి దిగదు. ఫోనుకు సిగ్నల్ లేదు. తోసి స్టార్ట్ చేద్దామంటే బయటికి దారి ఎత్తు ర్యాంపు. చివరికి ఒక దుకాణంవాడు కొలిచి చూడకుండానే కొత్త బ్యాటరీ అంటగట్టాడు. ఐదు నిమిషాల పూజ మానలేదు కనుక రెండు నెలల్లో అదీ దిగిపోయింది. బ్యాటరీ దగ్గరికి సులువుగా చేరాలంటే కారును ఎప్పుడూ బానెట్ బయటి వైపు ఉండేలా పెట్టండి. ఇది మాత్రం మరవకండి.

చేయాల్సింది రెండింటిలో ఒకటి. వారానికి ఒకసారి అరగంటకు తక్కువ కాకుండా నడపండి, సిల్క్ బోర్డు కూడలి ట్రాఫిక్‌లో నిలబడటం నడపడం కిందికి రాదు. నేను ఆదివారం తెల్లవారకముందే పాత మద్రాసు రోడ్డు మీద హోస్కోట దాకా వెళ్తాను. దారి ఖాళీ, అక్కడ ఆ వేళకే బిర్యానీ.

రెండు మూడు వారాలు ఊరు వెళ్తుంటే బ్యాటరీ నెగెటివ్ వైరు ఊడదీయండి. చాలా కార్లకు 10 నంబరు స్పానర్ చాలు. రెండు వైర్లూ తీయాల్సి వస్తే తీసేటప్పుడు నెగెటివ్ ముందు, బిగించేటప్పుడు నెగెటివ్ ఆఖరున. డిక్కీలో కావలసినవి ముందే తీసుకుని మూసేయండి, కరెంటుతో తెరుచుకునే డిక్కీ ఆ తర్వాత తెరుచుకోదు. రిమోట్ లోపల దాగి ఉన్న ఇనుప తాళంచెవితో తలుపు వేసుకోండి. ఆ చెవి ఉందని కూడా తెలియనివారిని చూశాను. తిరిగి వచ్చాక గడియారం సరిచేసుకోవాలి, కొన్ని కార్లలో కరెంటు అద్దాలకు పైకీ కిందికీ వెళ్లడం మళ్లీ నేర్పించాలి. వోల్టులు కొలిచే మల్టీమీటర్ ఒకటి కూడా కొనుక్కోండి. రాత్రంతా ఆగి ఉన్న కారులో 12.6 వోల్టులు చూపిస్తే నిండుగా ఉన్నట్టు, 12.2కు పడితే సగానికి వచ్చినట్టు.

మా బావ చెన్నైలో ఉంటాడు, ఇవన్నీ అక్కడికీ వర్తిస్తాయి, వేడి వల్ల ఇంకాస్త తొందరగా.

సరే, భయపెట్టింది చాలు. మూడేళ్లు నిండని బ్యాటరీ ఒకసారి దిగిపోయినంత మాత్రాన చచ్చినట్టు కాదు. వెంటనే కొత్తది కొనకండి. ఆ కుర్రాడిని ఆటో ఎక్కించి పంపి, అతని బ్యాటరీని నా చిన్న చార్జరుకు తగిలించాను. మర్నాటి సాయంత్రానికి 12.5 చూపించింది. నిన్న అతనే హోస్కోట నుంచి నాకు బిర్యానీ తెచ్చాడు. తిరిగి వచ్చాక బానెట్‌ను మళ్లీ గోడ వైపే పెట్టాడు.