పొడి అడవిలో సీతాకోకచిలుకలను లెక్కించే, కాపాడే పద్ధతి

నల్లమల వంటి ఆకురాల్చే పొడి అడవిలో ఒక్క నెల లెక్క చూసి సీతాకోకచిలుకల వైవిధ్యాన్ని తేల్చకూడదు. వేసవిలో బోసిపోయిన చోటే తొలకరి తరువాత చిగుళ్లు వేసి రెక్కలతో నిండిపోతుంది కాబట్టి, అటవీశాఖ అనుమతి తీసుకుని, వాగునూ గడ్డిమైదానాన్నీ చెట్ల నీడనూ దాటుతూ సాగే కిలోమీటరు బాటనొకదాన్ని ఎంచుకుని, ఏడాది పొడవునా దాని మీదే నడవాలి. ఎండ కాసే ఉదయం వేళ నింపాదిగా నడుస్తూ, ఇరువైపులా రెండున్నర మీటర్లు, ముందు ఐదు మీటర్ల మేర కనిపించినవాటినే రాసుకోవాలి. 1970లలో బ్రిటన్‌లో పోలార్డ్ అనే శాస్త్రవేత్త రూపొందించిన ఈ పద్ధతికి వల అక్కరలేదు. రెక్కల పైభాగం, అడుగుభాగం ఫోటోలు చాలు.

గుర్తింపులో తొందర పనికిరాదు. కామన్ ఈవినింగ్ బ్రౌన్ అనే సీతాకోకచిలుక వానాకాలంలో కళ్లవంటి చుక్కలతోనూ, ఎండాకాలంలో అచ్చం ఎండుటాకులానూ ఉంటుంది. రెండూ ఒకే జాతి. క్రిమ్సన్ రోజ్ గొంగళిపురుగు ఈశ్వరి తీగ ఆకులు తిని అందులోని విషాన్ని ఒంట్లో దాచుకుంటుంది గనుక పక్షులు దాని జోలికి పోవు. ఆ రక్షణ కోసమే కామన్ మార్మన్ అనే మరో సీతాకోకచిలుక ఆడవాటిలో కొన్ని, రెక్కలొచ్చిన క్రిమ్సన్ రోజ్ రూపాన్ని అనుకరిస్తాయి. అందుకే రెక్కలతో ఆగక ఒళ్లు చూడండి: క్రిమ్సన్ రోజ్ ఒళ్లు ఎర్రగా, మార్మన్ ఒళ్లు నల్లగా ఉంటుంది.

ఇక సంరక్షణ. పూలతోట పెంచితే చాలుననుకోవడం పొరపాటని నా గట్టి నమ్మకం. పూతేనె రెక్కలొచ్చినవాటికే ఆహారం. పిల్లపురుగుకు కావలసింది తన ఆకు. రేల మీద కామన్ ఎమిగ్రెంట్, మారేడు మీద లైమ్, జిల్లేడు మీద ప్లెయిన్ టైగర్, తునికి మీద బారొనెట్ సీతాకోకచిలుకలు గుడ్లు పెడతాయి. తునికాకు చిగురు కోసం కొన్నిచోట్ల అడవికి నిప్పు పెడతారు. ఆ మంటలో గుడ్లూ ప్యూపాలూ మాడిపోతాయి. పొదలను కత్తిరించినా చిగురు వస్తుందని ఆకు కోసేవారితో కూర్చుని మాట్లాడటం అన్నిటికన్నా ముఖ్యమైన పని. లాంటానా తేనె ఇచ్చినా కింద మొలిచే మొక్కలను అణచివేస్తుంది కాబట్టి దాన్ని పీకి, ఆ చోట ఈశ్వరి, మారేడు నాటాలి. పొలం గట్ల మీద జిల్లేడును, ఎండిన జనుమును వదిలేయాలి. జనుము రసాయనాల కోసం మగ బ్లూ టైగర్ సీతాకోకచిలుకలు గుంపులుగా వస్తాయి. వాగు ఒడ్డున తడి ఇసుకలో లవణాలు పీల్చే చోట్లను గుర్తించి, ఇసుక తవ్వే బండ్లు అటు రాకుండా పంచాయతీతో ముందే మాట్లాడుకోవాలి.