డెబ్బై దాటినవారికి ఆయుష్మాన్ వయ వందన కార్డు: ఎవరు తీసుకోవాలి, దరఖాస్తు ఎలా చేయాలి

ఇంట్లో డెబ్బై ఏళ్లు నిండిన పెద్దవాళ్లుంటే, ఆదాయం ఎంతన్నది ఈ పథకం అడగదు. 2024 అక్టోబరు 29న కేంద్రం మొదలుపెట్టిన ఆయుష్మాన్ వయ వందన కార్డుతో, పథకం జాబితాలోని ఆసుపత్రిలో చేరితే ఏడాదికి 5 లక్షల రూపాయల వరకు వైద్యం ఉచితం. షుగరు, బీపీ, గుండె జబ్బు ముందునుంచే ఉన్నా మొదటి రోజు నుంచే వర్తిస్తుంది. ఆ వయసులో ఇంతకన్నా పెద్ద ఊరట ఇంకోటి లేదు.

అయితే ఫోన్ చేతిలోకి తీసుకునే ముందు, వారికి ఇప్పటికే ఏ సదుపాయం ఉందో చూడండి. కేంద్ర ప్రభుత్వ ఉద్యోగులు, పింఛనుదారుల వైద్య పథకం సీజీహెచ్‌ఎస్, మాజీ సైనికుల ఈసీహెచ్‌ఎస్, కేంద్ర సాయుధ పోలీసు బలగాల ఆయుష్మాన్ సీఏపీఎఫ్‌లలో ఉన్నవారు పాతదో కొత్తదో ఏదో ఒకటే ఎంచుకోవాలి. ఇక్కడ తొందరపడొద్దు. సీజీహెచ్‌ఎస్‌లో ఓపీ చూపించుకోవచ్చు, మందులు కూడా ఇస్తారు. వయ వందన ఓపీకి పనికిరాదు. ఆసుపత్రిలో చేరడానికి ముందు 3 రోజులు, ఇంటికి పంపాక 15 రోజుల ఖర్చు మాత్రం ఇందులోకి వస్తుంది. నెలనెలా మందులు తెచ్చుకునే పింఛనుదారు ఆ సదుపాయం వదులుకోవడం నష్టమేనని నా అభిప్రాయం. ఈఎస్‌ఐ, ప్రైవేటు పాలసీ ఉన్నవారికి ఈ చిక్కు లేదు, రెండూ ఉంచుకోవచ్చు. కుటుంబానికి ఆయుష్మాన్ కార్డు ముందే ఉంటే పెద్దలకు విడిగా మరో 5 లక్షలు వస్తాయి, కానీ వారి పేరుతో మళ్లీ నమోదు చేయించాలి.

ఇంకో మాట. ఇంట్లో భార్యాభర్తలిద్దరూ డెబ్బై దాటితే ఆ 5 లక్షలు ఇద్దరికీ కలిపే. డెబ్బై నిండని కొడుకూ కోడలూ వాడుకోవడానికి లేదు.

కావలసింది ఆధార్ ఒక్కటే. వయసు కూడా అందులో ఉన్నదే లెక్క. అసలు వయసు డెబ్బై రెండైనా ఆధార్‌లో అరవై ఎనిమిదని పడి ఉంటే దరఖాస్తు ముందుకు సాగదు, కాబట్టి ముందు ఆధార్ కేంద్రంలో దాన్ని సరిచేయించండి.

ఆ తర్వాత పని తేలికే. ఆయుష్మాన్ యాప్‌లో మొబైల్ నంబరుతో లబ్ధిదారుగా లాగిన్ అయి, 70 ఏళ్లు పైబడినవారి నమోదు ఎంచుకుని, ఆధార్ నంబరు ఇచ్చి ఈ-కేవైసీ (ఆధార్‌తో గుర్తింపు నిర్ధారణ) పూర్తి చేయాలి. ఆధార్‌కు ఫోన్ నంబరు జతై ఉంటే ఓటీపీ చాలు, లేకపోతే వేలిముద్రతో చేయవచ్చు. కానీ జీవితమంతా పొలంలో కష్టపడిన చేతులకు వేలిముద్రలు అరిగిపోయి ఉంటాయి. అలాంటప్పుడు ముఖం చూపించో, కనుపాపతోనో కేవైసీ చేయించవచ్చు. తర్వాత ఫొటో తీసి, చిరునామా, కుటుంబ సభ్యుల వివరాలు నింపి పంపాలి. వేరే ప్రభుత్వ పథకం ఉందా అని అడిగిన చోట ఉన్నది ఉన్నట్టే రాయండి. ఆమోదం వచ్చాక కార్డు డౌన్‌లోడ్ చేసుకోవచ్చు. ఫోన్ వాడటం రానివారికి కామన్ సర్వీస్ సెంటర్‌లో గానీ, జాబితాలోని ఆసుపత్రిలో గానీ చేసిపెడతారు. సందేహాలకు 14555కు ఫోన్ చేయవచ్చు.

ఆసుపత్రికి వెళ్లినప్పుడు ముందు అక్కడ ఈ పథకం రోగులకు సాయం చేసే ఆరోగ్యమిత్రను కలిసి, మీకు కావలసిన చికిత్స ఆ ఆసుపత్రిలో ఈ పథకం కింద చేస్తారో లేదో అడిగాకే చేరండి.