అరటికాయ వేపుడు ముద్దవుతోందా, నల్లబడుతోందా, నూనె తాగుతోందా?

అరటికాయ వేపుడు కుదరకపోతే చాలామంది స్టవ్ మంటనో మూకుడునో తప్పుపడతారు. నిజానికి చిక్కు చాలాసార్లు బజార్లోనే మొదలవుతుంది. ఆ తర్వాతి తప్పు ముక్కల్లో మిగిలిపోయిన తడిది. చెన్నైలో కొత్తగా కాపురం పెట్టిన మనవాళ్లు ముందు కాయ సంగతి తెలుసుకోవాలి.

ముక్క ముద్దయిపోతోంది

అన్నిటికంటే ఎక్కువగా వినబడే బాధ ఇదే. ముందు కాయ చూడండి. మన బొంత అరటి, ఇక్కడి మొంతన్ ఒకే తరహావి: లావుగా, అంచులు తేలి, మందమైన తొక్కతో ఉంటాయి. మైలాపూర్ మాడవీధుల్లోనో టీనగర్ బండ్ల దగ్గరో 'బజ్జీకి వాళక్కాయ్' (తమిళంలో అరటికాయ) అని అడిగితే అదే ఇస్తారు. పండుగా తినే రకాలను పచ్చిగా కోసి అమ్మేవి కూడా ఉంటాయి. అవి వేపుడుకు నిలవవు.

కాయ మంచిదే అయితే తప్పు ఉడకబెట్టడంలో ఉంటుంది. ముక్కలు కోసి కుక్కర్లో పెడితే ఒక్క విజిల్ కూడా ఎక్కువే. తొక్కతోనే కాయను రెండుగా కోసి, మూత లేని గిన్నెలో మరిగే నీళ్లలో ఏడెనిమిది నిమిషాలు ఉంచండి. చాకు గుచ్చితే కాస్త పట్టుగా దిగాలి, జారిపోకూడదు. తీశాక పూర్తిగా చల్లారనివ్వండి. ఈ ఒక్క పని దగ్గరే అందరూ తొందరపడతారు. ఉడికిన పిండిపదార్థం వేడి మీద జిగురుగా ఉంటుంది, చల్లారాక గట్టిపడుతుంది. అప్పుడు తొక్క తీసి కోస్తే ముక్క అంచు చెదరదు.

మూకుట్లో వేశాక మూత పెట్టొద్దు, ఆవిరి మళ్లీ ముక్క మీదే పడుతుంది. అస్తమానం కలపొద్దు. ఒక పక్క ఎర్రబడ్డాక అట్లకాడతో తిప్పాలి. ఉప్పు చివర్లో వేయండి. ముందే వేస్తే ముక్కలు నీరు వదులుతాయి.

ఇప్పటికే ముద్దయిపోయిందా? పారేయొద్దు. చిదిమి, అల్లం, పచ్చిమిర్చి, ఇంగువ పోపు వేసి, దించాక నిమ్మకాయ పిండండి. తమిళుల ఇళ్లలో వాళక్కాయ్ పొడిమాస్ దాదాపు ఇదే, పైన కాస్త కొబ్బరి చల్లుతారు. వేడి అన్నంలో వేపుడు కన్నా ఇదే బాగుందనేవాళ్లు మా ఇంట్లోనే ఉన్నారు.

ముక్కలు నల్లబడుతున్నాయి

కోసిన చోట గాలి తగలగానే కాయలోని ఎంజైమ్ పని మొదలుపెడుతుంది. ఇనుప చాకైతే రంగు ఇంకా ముదురుతుంది. పల్చటి మజ్జిగ నీళ్లు పక్కన పెట్టుకుని, కోసిన ముక్కను కోసినట్టే అందులో వేయండి. ఆ పులుపు నలుపును ఆపుతుంది, వగరు కూడా కొంత తగ్గిస్తుంది. చేతులకు జిగురు అంటకుండా ముందే నూనె రాసుకోండి.

నూనె తాగేస్తోంది

ఉడకబెట్టకుండా పచ్చి ముక్కలే వేయించేవాళ్లకు ఈ చిక్కు ఎక్కువ. మజ్జిగ నీళ్లలోంచి తీసిన ముక్కలను గుడ్డ మీద పరిచి బాగా తుడవాలి. తడి ముక్కలు, అవీ ఒక్కసారే గుప్పెళ్లతో వేస్తే నూనె చల్లబడిపోతుంది. ఒక ముక్క వేసి చూడండి. వెంటనే బుడగలతో పైకి తేలితే కాగినట్టు. ముక్కలోంచి ఆవిరి బయటికి తోసుకొస్తున్నంతసేపు నూనె లోపలికి పోలేదు. అది ఎక్కువగా లోపలికి పోయేది తీశాక, ముక్క చల్లారేటప్పుడు. అందుకే జల్లి గరిటెతో తీసిన వెంటనే నూనె వార్చాలి, గిన్నెలో కుప్పగా పోయకూడదు.

పైన మాడింది, లోపల పచ్చి

ముక్క మందం పావు అంగుళం దాటనివ్వకండి, మధ్యస్థమైన సెగ చాలు. అలా చేసినా త్వరగా మాడుతూ తియ్యగా తగులుతుంటే కాయ పండబారిందని అర్థం. పిండిపదార్థం చక్కెరగా మారడం మొదలైతే రంగు తొందరగా ముదురుతుంది. మే నెల చెన్నై ఎండల్లో పచ్చికాయ రెండు మూడు రోజుల్లోనే మెత్తబడుతుంది. పండ్ల బుట్టలో పెడితే ఇంకా త్వరగా. ఫ్రిజ్‌లో పెడితే తొక్క నల్లబడుతుంది. వండే రోజే కొనుక్కోవడం మేలు. తియ్యటి వేపుడే కావాలంటే బాగా పండిన నేంద్రం (కేరళ పెద్ద అరటి) తెచ్చి, మైదా పిండిలో ముంచి వేయించండి. మలయాళీ టీకొట్లలో దొరికే పళంపొరి అదే.

కారం మాడి చేదెక్కుతోంది

వెల్లుల్లి, కారం, జీలకర్ర, ఉప్పు కచ్చాపచ్చాగా దంచుకుని, స్టవ్ ఆపేశాక చల్లి కలపండి. మూకుడు వేడి చాలు.

చిప్స్ మర్నాటికే మెత్తబడుతున్నాయి

సముద్రపు గాలిలో తేమ ఎక్కువ, ఇక్కడ ఇది మామూలే. అయినా కారణం చాలాసార్లు తొందరగా తీసేయడమే. నూనెలో బుడగల చప్పుడు దాదాపు ఆగాకే తీయండి. గోరువెచ్చగా ఉన్నప్పుడు డబ్బాలో పోస్తే లోపల ఆవిరి పడుతుంది. పూర్తిగా చల్లారాక గట్టి మూత ఉన్న డబ్బాలో పెట్టండి. కేరళ పద్ధతిలో కాగే నూనెలో ఉప్పునీళ్లు చల్లుతారు. ఇంట్లో చిన్న మూకుడుతో అలా చేయొద్దు, నూనె పొంగి మీద పడుతుంది. తీశాక మెత్తటి ఉప్పు చల్లితే సరిపోతుంది. మెత్తబడినవాటిని పొడి మూకుట్లో సన్నని సెగ మీద కాసేపు వేడి చేసి చల్లారనిస్తే మళ్లీ కరకరలాడతాయి.