లుకేమియా వైరస్ ఉన్న పిల్లి నీరసపడిందా? ముందు దువ్వెన తీయండి

ఎఫ్‌ఈఎల్‌వీ, అంటే పిల్లుల లుకేమియా వైరస్, ఉన్న పిల్లిని పెంచేవాళ్లకు ఒక అలవాటు పడిపోతుంది. పిల్లికి ఏం జరిగినా "ఇంకేముంది, వైరస్ ముదిరింది" అనేస్తారు. కడపలో నాకు తెలిసినవాళ్లు ఎవరు ఫోన్ చేసినా ఇదే మాట. చిగుళ్లు చూశారా అంటే లేదు. దువ్వారా అంటే లేదు.

పడుకున్నది లేవడం లేదు, చిగుళ్లు తెల్లబడ్డాయి

పై పెదవి ఎత్తి చూడండి. గులాబీ రంగులో ఉండాల్సిన చిగుళ్లు పాలిపోయాయంటే రక్తం తగ్గినట్టే. ఈ వైరస్ ఎముక మూలుగను దెబ్బతీసి రక్తహీనత తెస్తుందన్నది నిజమే. నేనూ అక్కడే ఆగిపోయి దెబ్బతిన్నాను.

రెండేళ్ల కిందట ఎండాకాలంలో మా ఎర్ర పిల్లి రోజంతా కూలర్ పక్కనే పడుకునేది. పిట్టగోడ ఎక్కడం మానేసింది. దానికి రోజులు దగ్గరపడ్డాయనుకుని పది రోజులు ఐరన్ టానిక్ పోశాను. ఆసుపత్రిలో పరీక్ష చేస్తే పీసీవీ, అంటే రక్తంలో ఎర్ర కణాల శాతం, 17 వచ్చింది. పిల్లికి సుమారు 30 నుంచి 45 దాకా ఉండాలి. డాక్టరు సన్నపళ్ల దువ్వెనతో తోక మొదట్లో దువ్వి, రాలిన నల్ల నలుసుల్ని తడిపిన తెల్ల కాగితం మీద వేశారు. చుట్టూ ఎర్రటి మరక పాకింది. మట్టి కాదది, ఫ్లీలు తాగి విసర్జించిన రక్తం.

ఫ్లీలంటే వెంట్రుకల్లో పరుగెత్తే, గెంతే చిన్న గోధుమరంగు పురుగులు. మా పిల్లి మీద ఒక్కటి కూడా నా కంట పడలేదు, ఎందుకంటే అది నాక్కుంటూ వాటిని మింగేసేది. పైగా గడప దాటని పిల్లి. కానీ పురుగు ఉండేది పిల్లి మీద కంటే ఇంట్లోనే ఎక్కువ. గుడ్లు రాలి కడప బండల సందుల్లో పడతాయి. మన ఊరి పొడి ఎండకు ఆ పిల్ల పురుగులు చచ్చిపోవాలి. కానీ కూలర్ పెట్టి వాటికి కావలసిన తేమ మనమే ఇస్తున్నాం.

ఫ్లీలు రక్తం తాగడం ఒక నష్టం. రెండోది మైకోప్లాస్మా, ఎర్ర రక్తకణాలకు అంటుకుని వాటిని నాశనం చేసే బ్యాక్టీరియా. ఇది ఫ్లీల వల్ల, పిల్లులు కరుచుకోవడం వల్ల వస్తుందని డాక్టర్ల అనుమానం. లుకేమియా వైరస్ కూడా తోడైతే రక్తహీనత ఇంకా తీవ్రమవుతుంది. మైక్రోస్కోప్ కింద రక్తపు స్లైడ్ మీద కనబడలేదని నిశ్చింతగా ఉండకండి, అది ఒక రోజు కనబడి మర్నాడు మాయమవుతుంది. రక్తంలో క్రిమి జన్యు పదార్థాన్ని వెతికే పీసీఆర్ పరీక్ష నమ్మకమైనది.

దీనికి మందు డాక్సీసైక్లిన్. మోతాదు డాక్టరు చెప్పాలి, మామూలుగా మూడు నాలుగు వారాలు వాడిస్తారు. బిళ్ల వేసిన వెంటనే సిరంజితో 5-6 మి.లీ. నీళ్లు తాగించండి. బిళ్ల గొంతులో ఇరుక్కుంటే ఆహారనాళం పుండుపడి కుంచించుకుపోవచ్చు. అదే సమయంలో ఇంట్లో ఉన్న పిల్లులు, కుక్కలు అన్నిటికీ ఫ్లీ మందు వేయాలి, ఒక్క నెల కాదు, కనీసం మూడు నెలలు. పక్క గుడ్డలు వేడినీళ్లలో ఉతకండి, బండల సందులు బ్రష్‌తో గీకి ఊడవండి. కుక్కలకు వేసే పెర్మెత్రిన్ చుక్కలు పిల్లికి వేయొద్దు, ప్రాణం తీస్తాయి.

ఇవన్నీ చేశాక కూడా పీసీవీ పెరగకపోతే, అప్పుడు మూలుగ సంగతి మాట్లాడదాం. మా ఎర్రోడికి పెరిగింది.

గిన్నె దాకా వచ్చి వాసన చూసి వెళ్లిపోతోంది

చాలాసార్లు ఇది ఆకలి లేక కాదు, నోరు నొప్పి వల్ల. ఎర్రబడ్డ చిగుళ్లు, దుర్వాసన, చొంగ ఉన్నాయేమో చూడండి. మెత్తగా ఉడికించిన కోడిమాంసం గోరువెచ్చగా పెట్టి, పళ్లు డాక్టరుకు చూపించండి. పచ్చిమాంసం వద్దు. రెండు రోజులు ఏమీ తినకపోతే కాలేయంలో కొవ్వు పేరుకోవచ్చు, కాబట్టి అంతవరకూ ఆగొద్దు. జ్వరమనిపించి పారాసిటమాల్ వేయకండి, పిల్లికి అది విషం.

లుకేమియా వైరస్ పరీక్ష కిట్‌లో పాజిటివ్ వచ్చింది, ఏమీ లక్షణాలు లేవు

ఒక్క కిట్‌తో తీర్పు చెప్పేయకండి. ల్యాబ్‌లో పీసీఆర్ లాంటి వేరే పరీక్షతో సరిచూసుకోండి. కొన్ని పిల్లులు వైరస్‌ను అణిచిపెట్టేస్తాయి, అందుకే నెల, రెండు నెలల తర్వాత మళ్లీ చేయించాలి. అప్పటిదాకా మిగతా పిల్లులతో గిన్నెలు, పడక వేరు. లాలాజలమే దీనికి ముఖ్యమైన దారి. బయట ఆరిపోతే వైరస్ ఎక్కువసేపు బతకదు, మామూలు సబ్బు చాలు. మనుషులకు, కుక్కలకు రాదు.

ఒక కంటిపాప చిన్నగా, ఇంకొకటి పెద్దగా కావడం, వెనక కాళ్లు ఈడ్చడం అరుదు. అవి కనబడితే ఇంట్లో ప్రయోగాలు మానేసి డాక్టరు దగ్గరికి తీసుకెళ్లండి. ఏమీ లేకున్నా వారానికోసారి వంటింటి తూకం మీద బరువు చూసి రాసిపెట్టండి. ఆరు నెలలకోసారి రక్తపరీక్షకు వెళ్లినప్పుడు డాక్టరు మొదట అడిగేది ఆ కాగితమే.