పగలు పాస్, అర్ధరాత్రి ఫెయిల్: జాంగో టెస్టుల తంటాలు

జాంగో అంటే పైథాన్‌లో వెబ్ యాప్‌లు కట్టే ఫ్రేమ్‌వర్క్. దాంతో రాసిన ఓపెన్ సోర్స్ యాప్ దించుకుని, కోడ్ మీద చెయ్యి వేయకముందే టెస్టులు (కోడ్ సరిగా పనిచేస్తోందో చూసే చిన్న ప్రోగ్రాములు) నడిపితే ఫెయిలయ్యాయని ఎర్ర లైన్లు. విజయనగరంలో మా కుర్రాళ్లు నా దగ్గరికి పట్టుకొచ్చేవి చాలావరకు ఇవే.

సమస్య: ఒక్క టెస్టూ మొదలవదు, డేటాబేస్ సృష్టించే అనుమతి లేదంటుంది.
కారణం: టెస్టులకు జాంగో మీ అసలు డేటాబేస్ వాడదు. దాని పేరు ముందు ‘టెస్ట్_’ తగిలించి ఇంకొకటి కట్టుకుంటుంది. డేటాబేస్ సాఫ్ట్‌వేర్ పోస్ట్‌గ్రెస్‌లో మీ యూజర్‌కు ఆ హక్కు లేదు.
పరిష్కారం: క్రియేట్‌డీబీ హక్కు ఒక్కటి ఇవ్వండి, చాలు. తొందరపడి అన్ని హక్కులూ ఉండే సూపర్‌యూజర్‌ని చేసేయకండి.

సమస్య: కరెంటు పోయి వచ్చాక మళ్లీ నడిపితే, పాత డేటాబేస్ తీసేయమంటారా అని అడుగుతుంది.
పరిష్కారం: మధ్యలో ఆగిన టెస్టుల తాలూకు మిగులు అది. పేరు ముందు ‘టెస్ట్_’ ఉందని చూసుకుని ‘యస్’ కొట్టండి.

సమస్య: విడిగా పాస్, అన్నీ కలిపితే ఫెయిల్.
కారణం: ముందు నడిచిన టెస్టు ఏదో వదిలేసి పోయింది. టెస్ట్‌కేస్ క్లాస్ డేటాబేస్ మార్పుల్ని వెనక్కి తీస్తుంది గానీ క్యాష్ (మళ్లీ త్వరగా అందేందుకు యాప్ దాచుకునే డేటా) జోలికి పోదు. నేను ముందు అనుమానించేది దాన్నే.
పరిష్కారం: ప్రతి టెస్టుకు ముందు నడిచే సెటప్‌లో క్యాష్ ఖాళీ చేయండి. అయినా పోకపోతే జాంగో 4.0 నుంచి ఉన్న షఫుల్ ఆప్షన్‌తో టెస్టుల వరస తారుమారు చేసి చూడండి. అది చూపించే సీడ్ నంబర్ రాసిపెట్టుకుని, మళ్లీ అదే ఇస్తే అదే వరస వస్తుంది.

సమస్య: “అన్నా, సాయంత్రం అన్నీ పాసే, ఇప్పుడు ఒకటి పోతంది. నేనేం ముట్టలేదు!” ఒక కుర్రాడు ఫోన్ చేసినప్పుడు టైము రాత్రి ఒంటిగంట. టెన్షన్‌తో అప్పటికే వర్చువల్ ఎన్విరాన్‌మెంట్ (ప్రాజెక్టు లైబ్రరీలు విడిగా ఉండే చోటు) రెండుసార్లు తీసేసి మళ్లీ వేశాడు.
కారణం: జబ్బు గడియారానిది. యాప్ సెట్టింగ్‌లో టైమ్ జోన్‌ను ఏషియా/కోల్‌కతాగా, అంటే మన టైముకి, మార్చుకున్నాడు. టెస్టు డేట్.టుడే అడుగుతోంది, అది మన తేదీ. యాప్ మాత్రం టైమ్‌జోన్.నౌ నుంచి తేదీ తీస్తోంది, అది యూటీసీ (ప్రపంచ ప్రామాణిక సమయం) తేదీ. మనం యూటీసీకి 5:30 గంటలు ముందున్నాం కాబట్టి, అర్ధరాత్రి నుంచి తెల్లవారి 5:30 దాకా యాప్ ఇంకా నిన్నటిలోనే ఉంటుంది. ప్రాజెక్టు వాళ్ల సెట్టింగ్ యూటీసీ. అక్కడ రెండు తేదీలూ ఒకటే, అందుకే వాళ్లకు ఇది ఏనాడూ పట్టుబడలేదు.
పరిష్కారం: యాప్‌లో మన తేదీనే ఇచ్చే టైమ్‌జోన్.లోకల్‌డేట్ పెట్టండి. టెస్టులో ఫ్రీజ్‌గన్ అనే లైబ్రరీతో సమయాన్ని ఆపి, రావాల్సిన తేదీని చేత్తో రాయండి. దానికిచ్చే సమయం యూటీసీ సుమా: మన రాత్రి 2 గంటలంటే ముందురోజు 20:30. సెట్టింగ్‌ను యూటీసీకి తిప్పేస్తే టెస్టు పాసవుతుంది, తప్పు అక్కడే ఉంటుంది.

ప్రాజెక్టు వాళ్లకు ఇష్యూ (తప్పు గురించిన ఫిర్యాదు) రాసేటప్పుడు మీ టైమ్ జోన్, ఫెయిలైన గంట రెండూ పెట్టండి. లేకపోతే “మా దగ్గర పాసవుతోంది” అని మూసేస్తారు.