కొత్త సెమీ ఆటో షాట్‌గన్‌: తూటాలు ఎలా ఎంచుకోవాలి, తుపాకిని ఎలా అలవాటు చేయాలి?

డబుల్ బ్యారెల్ తుపాకికి తూటా ఎంత తేలికైనా ఇబ్బంది లేదు. పేలిన కేసును మన చేత్తోనే తీసేస్తాం, ఇంకోటి మన చేత్తోనే పెడతాం. సెమీ ఆటో అలా కాదు. పేలిన తూటా బలంలోంచి కొంత తీసుకుని అదే బోల్ట్‌ను (బ్యారెల్ వెనక భాగాన్ని మూసే లోహపు దిమ్మను) వెనక్కి తోసుకోవాలి, ఖాళీ కేసును విసరాలి, స్ప్రింగ్ నొక్కుకోవాలి, తూటాలు వరసగా ఉండే మేగజైన్ గొట్టంలోంచి తర్వాతి తూటాను ఎత్తి చాంబర్‌లోకి, అంటే బ్యారెల్ వెనక తూటా కూర్చునే చోటికి, నెట్టాలి. కొత్త తుపాకిలో భాగాలు ఇంకా ఒకదానికొకటి రాసుకుని నునుపెక్కలేదు, స్ప్రింగ్‌లు గట్టిగా ఉంటాయి. అందుకే మొదటిరోజు తేలికపాటి తూటాలతో వెళ్లినవాళ్లకు రెండు మూడు కాల్పులకోసారి తుపాకి ఇరుక్కుపోతుంది. "ఈ తుపాకే చెడ్డది" అని వాపసు ఇచ్చే ఆలోచన అక్కడే మొదలవుతుంది. చాలాసార్లు తప్పు తుపాకిది కాదు, తూటాది. బలమైన తూటాతో మొదలుపెట్టి మెల్లగా తేలికదానికి దిగాలి. ఈ వ్యాసం అంతా ఆ ఒక్క పద్ధతి గురించే.

ముందుగా లైసెన్సు మాట. మన ఆయుధాల నిబంధనల ప్రకారం సెమీ ఆటో తుపాకులు మామూలు పన్నెండు బోరు లైసెన్సు మీద అందరికీ వచ్చే రకం కాదు, పరిమిత వర్గంలో ఉన్నాయి. పోటీల్లో కాల్చేవాళ్లు క్రీడాకారుల దారిలో తెచ్చుకుంటారు. నల్లగొండ, మహబూబ్‌నగర్, నాగర్‌కర్నూల్, వనపర్తి ప్రాంతాలవాళ్లకు దగ్గర్లో పేరున్న రేంజ్ అంటే గచ్చిబౌలిలో హైదరాబాద్ విశ్వవిద్యాలయం ఆవరణలో ఉన్నదే. తుపాకిని అలవాటు చేయడం అలాంటి రేంజ్‌లోనే, అక్కడి కోచ్ కళ్ల ముందే జరగాలి. పొలం గట్టు మీదో, గుట్ట పక్కనో పరీక్షించడం వద్దు. 2.4 మిల్లీమీటర్ల చిన్న ఛర్రా కూడా రెండు వందల మీటర్లు పోతుంది. అమ్రాబాద్ అడవి వైపు తీసుకెళ్లడం ఇంకా పెద్ద తప్పు. 1972 వన్యప్రాణి చట్టం కింద వేట నేరం. పెళ్లి ఊరేగింపులో గాల్లోకి కాల్చినా 2019 సవరణ ప్రకారం రెండేళ్ల వరకు జైలు, లక్ష రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ పడొచ్చు.

మీ తుపాకి ఏ రకం?

తుపాకి ఖాళీగా ఉందని చాంబర్‌లోకి, మేగజైన్‌లోకి రెండుసార్లు చూసి, వేలు పెట్టి తడిమి నిర్ధారించుకోండి. ఆ తర్వాతే ముందు చెక్క విప్పండి. బ్యారెల్ కింద ఉంగరంలాంటి భాగం, అందులో చిన్న రంధ్రాలు, మేగజైన్ గొట్టం మీద జారే పిస్టన్ కనిపిస్తే అది గ్యాస్‌తో నడిచే తుపాకి. అవేవీ లేకుండా గొట్టం నున్నగా ఉంటే, స్ప్రింగ్ బోల్ట్ లోపలే ఉంటే, అది వెనక్కి తన్నే బలంతో, అంటే ఇనర్షియాతో నడిచే రకం.

ఈ తేడా ముఖ్యం. గ్యాస్ రకానికి పిస్టన్ శుభ్రంగా ఉంటే చాలు, తేలిక తూటాలకు త్వరగా అలవాటు పడుతుంది. ఇనర్షియా రకం లోపల శుభ్రంగానే ఉంటుంది కానీ రెండు కోరికలు కోరుతుంది. ఒకటి తన్ను ఉన్న తూటా, రెండోది గట్టిగా ఆనించిన భుజం. భుజం వదులుగా పెడితే బోల్ట్ పూర్తిగా వెనక్కి పోకపోవచ్చు. బట్‌కు (భుజానికి ఆనే భాగానికి) అదనపు బరువులు, బ్యారెల్‌కు బరువైన తగిలింపులు పెట్టినా తుపాకి ఇరుక్కోవచ్చు.

తూటా డబ్బా మీద ఏం చదవాలి?

మొదట పొడవు. బ్యారెల్ మీద చాంబర్ పొడవు మిల్లీమీటర్లలో చెక్కి ఉంటుంది, 70 అనో 76 అనో. డబ్బా మీద ఉన్న 65, 70, 76 అంకెలు పేలిన తర్వాత నోరు విప్పుకున్న కేసు పొడవు. పేలని 70 తూటాను కొలిస్తే అంతకంటే చిన్నగానే ఉంటుంది. పొట్టి చాంబర్‌లో పొడవు తూటా కూడా దూరిపోయేది అందుకే, ప్రమాదమూ అక్కడే. కేసు నోరు విప్పుకునేందుకు చోటు లేక ఒత్తిడి అమాంతం పెరుగుతుంది. 76 చాంబర్‌లో 70 తూటా వాడొచ్చు, తిరగేసి మాత్రం ఎప్పుడూ వద్దు. 65 తూటాలు డబుల్ బ్యారెల్‌కు పనికొస్తాయి కానీ కొత్త సెమీ ఆటోలో సరిగ్గా ఎత్తుకోక ఇబ్బంది పెడతాయి. అలవాటు చేయడానికి 70వే తీసుకోండి.

రెండోది బరువు. డబ్బా మీద 24, 28, 32, 36 గ్రాములని ఉండేది ఛర్రాల బరువు, మందుది కాదు. బరువుతో పాటు వేగం కూడా చూడండి. 28 గ్రాముల తూటా సెకనుకు 400 మీటర్లకు పైగా పోతుంటే, నెమ్మదిగా పోయే 32 గ్రాముల తూటాతో సమానంగా తన్నుతుంది. గాల్లోకి విసిరే మట్టి పళ్లేలను కాల్చే అంతర్జాతీయ ట్రాప్, స్కీట్ పోటీల్లో 24 గ్రాములే అనుమతి. కాబట్టి తుపాకిని చివరికి ఆ 24కే దింపాలి, దానితో మొదలుపెట్టకూడదు.

మూడోది ఛర్రా నంబర్. ఇక్కడ అంకెను నమ్మకండి, మిల్లీమీటర్లు చదవండి. ఇంగ్లిష్ లెక్కలో ఏడున్నర, అమెరికా లెక్కలో ఏడున్నర ఒకటి కావు. ట్రాప్‌కు 2.4 మిల్లీమీటర్లు, స్కీట్‌కు 2 మిల్లీమీటర్లు సరిపోతాయి. అలవాటు చేయడానికి కూడా ఈ చిన్న ఛర్రాలే చాలు. బోల్ట్ నడవడానికి బరువు, వేగం కావాలి కానీ ఛర్రా లావుతో పనిలేదు. ఎల్‌జీ, ఎస్‌జీ లాంటి లావు గుండ్లను ఈ మట్టి పళ్లేల రేంజ్‌లో తీయనే తీయకండి, అవి చాలా దూరం పోతాయి.

నాలుగోది, చాలామంది చూడనిది, తూటా అడుగు. పసుపు రంగు లోహం ఎత్తుగా ఉంటే బలమైన తూటా అనుకుంటారు, అలా ఏమీ లేదు. అది ఇత్తడా, పూత వేసిన ఇనుమా అన్నది మాత్రం చూడాలి. అయస్కాంతం పెడితే తెలిసిపోతుంది. పేలినప్పుడు ఇనుప అడుగు ఉబ్బి ఇత్తడంత తిరిగి కుదించుకోదు. కొత్త చాంబర్ ఇంకా గరుగ్గా ఉన్నప్పుడు గోడలకు పట్టుకుపోయి, లాగే కొక్కెం దాని అంచును తప్పిపోతుంది. మొదటి వందకైనా ఇత్తడి అడుగు ఉన్నవి వెతకండి.

పుణే దగ్గర ఖడ్కీ ఫ్యాక్టరీలో తయారయ్యే శక్తిమాన్ తూటాలు కావచ్చు, విదేశీవి కావచ్చు, ఒకే రకం, ఒకే లాట్ నంబర్ ఉన్న డబ్బాలు అడిగి తీసుకోండి. నాలుగు రకాలు కలిపి కాలిస్తే ఏ ఇబ్బంది దేనివల్ల వచ్చిందో తేల్చలేరు. లైసెన్సులో రాసే లెక్క ప్రకారమే తూటాలు దొరికే దేశంలో ఒక్కటి కూడా వృథా చేసుకోలేం.

కొనే ముందు డబ్బాలోంచి నాలుగైదు తీసి చూడండి. అంచు మీద తుప్పు, మడత నోరు విచ్చుకోవడం, ప్లాస్టిక్ ఉబ్బడం కనిపిస్తే వద్దు. మన ఎండాకాలం ఇక్కడ గట్టి దెబ్బ కొడుతుంది. నార్కట్‌పల్లి మీదుగానో, జడ్చర్ల మీదుగానో హైదరాబాద్ పోయే దారిలో మే నెల ఎండకు కారు నిలిపితే లోపలి వేడి 60 డిగ్రీలు దాటిపోతుంది. ఆ వేడికి మందు ఒత్తిడి పెరుగుతుంది, ప్లాస్టిక్ కేసు మెత్తబడి ఆకారం మారుతుంది. మందం అట్టపెట్టెలో సర్ది, సీటు కింద నీడలో పెట్టి, కారు దిగితే వెంట తీసుకెళ్లండి. తుపాకి ఒక పెట్టెలో ఖాళీగా, తూటాలు ఇంకోదాంట్లో, అసలు లైసెన్సు చేతిలో ఉండాలి.

రేంజ్‌కు వెళ్లకముందు ఇంట్లో

ఫ్యాక్టరీలో పూసిన చిక్కటి గ్రీజు తుప్పు పట్టకుండా ఉండడానికే, నడవడానికి కాదు. కొత్త తుపాకి ఇరుక్కోవడానికి తూటా తర్వాత ఇంకో కారణం ఇదే. బ్యారెల్, బోల్ట్, మేగజైన్ గొట్టం, చాంబర్ ద్రావకంతో తుడిచి పొడిగుడ్డతో ఆరబెట్టండి. చాంబర్ పూర్తిగా పొడిగా ఉండాలి. నూనె చాంబర్‌లో ఉంటే కేసు గోడను పట్టుకోక బోల్ట్ మీద దెబ్బ పెరుగుతుంది.

తర్వాత నూనె. బోల్ట్ జారే పట్టాల మీద రెండు పక్కలా ఒక్కో చుక్క, తాళం పడే తల మీద ఒకటి, స్ప్రింగ్ గొట్టం మీద వేలికి అంటేంత. గ్యాస్ తుపాకి పిస్టన్‌ను దాదాపు పొడిగా ఉంచండి. అక్కడ నూనె కాలి మసి కట్టి పిస్టన్‌ను పట్టేస్తుంది. మన ఎర్రమట్టి దుమ్ము నూనె ఎక్కువైనచోట అంటుకుని గరుకు ముద్దలా తయారవుతుంది. చేతికి అంటితే ఎక్కువైనట్టే.

తూటాలు లేకుండా, బ్యారెల్ గోడవైపు పెట్టి, బోల్ట్‌ను చేత్తో వెనక్కి లాగి వదలడం వంద నుంచి రెండు వందలసార్లు చేయండి. పైసా ఖర్చు లేదు, లైసెన్సు లెక్కలోంచి ఒక్క తూటా పోదు. పట్టాలు నునుపెక్కడం చేతికే తెలుస్తుంది. ఎత్తుకునే తీరు చూడాలంటే డమ్మీ తూటాలు వాడండి, అసలు తూటాతో ఇంట్లో ఎప్పుడూ వద్దు. చోక్ గొట్టం (బ్యారెల్ మూతిని ఇరుకు చేసి ఛర్రాలు విడిపోకుండా చూసే ముక్క) విప్పి, మరలకు పలుచగా గ్రీజు రాసి, తాళంతో గట్టిగా బిగించండి. వదులు చోక్‌తో కాలిస్తే బ్యారెల్ మూతి చీలిపోవచ్చు.

రేంజ్‌లో క్రమం

చెవులకు, కళ్లకు రక్షణ పెట్టుకున్నాకే మొదలు. షాట్‌గన్ మోత 150 డెసిబెల్స్ దాటుతుంది, ఒక్క తూటా కూడా చెవికి మంచిది కాదు.

1. మొదటి ఐదు కాల్పుల్లో ఒక్కోసారి ఒక్క తూటానే పెట్టండి. ప్రతిసారీ కేసు ఎంత దూరం పడిందో, బోల్ట్ వెనక నిలబడిందో లేదో చూడండి.

2. తర్వాత రెండేసి. పోటీల్లోనూ రెండే, అందుకే సెమీ ఆటో మేగజైన్‌లో ఒకటికి మించి పట్టకుండా అడ్డు పెడతారు.

3. మొదటి 50 తూటాలు 32 లేదా 36 గ్రాములవి. ఒకే రోజు అంతా కాల్చొద్దు. 25 కాగానే ఆపి బ్యారెల్ చల్లబడనివ్వండి, పట్టాలు తుడవండి. భుజం నొప్పి పుడితే పట్టు వదులవుతుంది, అప్పుడు వచ్చే తప్పులు తుపాకివి కావు.

4. ఇంటికొచ్చి పూర్తిగా విప్పి శుభ్రం చేయండి. పట్టాల మీద సమానంగా మెరుపు వస్తే మంచిదే. ఒకేచోట లోతైన గీత పడితే డీలర్‌కు చూపించండి.

5. తర్వాతి 50 తూటాలు 28 గ్రాములవి. వరసగా 25 ఆగకుండా నడిస్తేనే 24కు దిగండి. మధ్యలో రెండుసార్లు ఇరుక్కుంటే మళ్లీ 32తో 25 కాల్చి రండి.

6. చివరగా 24 గ్రాములవి 25. గ్యాస్ తుపాకులు ఎక్కువగా ఇక్కడ గెలుస్తాయి. ఇనర్షియా తుపాకుల్లో కొన్ని 28 దగ్గరే ఆగిపోతాయి. తయారీదారు పుస్తకంలో కనీస బరువు రాసి ఉంటుంది, అంతకంటే కింద నడవకపోతే అది లోపం కాదు.

చిన్న నోటుపుస్తకంలో తూటా రకం, లాట్, ఎన్నోది ఇరుక్కుంది, ఎలా ఇరుక్కుంది అని రాయండి. డీలర్ దగ్గరికి వెళ్లాల్సి వస్తే ఆ కాగితమే మీ తరఫున మాట్లాడుతుంది.

ఇరుక్కుంటే

ఏం జరిగినా ముందు బ్యారెల్ రేంజ్ చివరి మట్టికట్ట వైపే ఉండాలి, వేలు ట్రిగ్గర్ బయట, సేఫ్టీ వేసి.

కేసు సగం బయటికొచ్చి పొగగొట్టంలా నిలబడితే బోల్ట్ పూర్తిగా వెనక్కి పోలేదన్నమాట. తేలిక తూటా, వదులు భుజం, చిక్కటి గ్రీజు, ఈ మూడింట్లో ఒకటి. కేసు చాంబర్‌లోనే ఉండిపోయి బోల్ట్ ఖాళీగా వెనక్కి వస్తే అడుగు లోహాన్ని, చాంబర్ గరుకును అనుమానించండి. కేసు బయటపడింది కానీ కొత్త తూటా పైకి రాలేదంటే మేగజైన్ స్ప్రింగ్‌లో గ్రీజు పట్టి ఉండొచ్చు.

ట్రిగ్గర్ నొక్కితే 'టిక్' మని ఊరుకుందంటే బోల్ట్ తాళం పూర్తిగా పడలేదేమో. చప్పుడు కాకుండా బోల్ట్‌ను చేత్తో మెల్లగా దించే అలవాటు ఉన్నవాళ్లకు, ముఖ్యంగా ఇనర్షియా రకంలో, ఇది తరచూ వస్తుంది. బోల్ట్‌ను పూర్తిగా లాగి ఒక్కసారిగా వదలాలి. అయితే తూటా ఆలస్యంగా పేలే అవకాశమూ ఉంది కాబట్టి అలాగే 30 సెకన్లు గురి మార్చకుండా ఆగి, తర్వాతే తీయండి.

అన్నిటికంటే భయపడాల్సింది 'ఫట్' మనే బలహీన మోత. మందు సరిగా కాలక, తూటా లోపల ఛర్రాలను పట్టి ఉంచే ప్లాస్టిక్ గిన్నె బ్యారెల్ మధ్యలో నిలిచిపోయి ఉండొచ్చు. సెమీ ఆటోలో తర్వాతి తూటా తనంతట తాను సిద్ధమై ఉండొచ్చు, అలవాటులో వేలు కదిలితే బ్యారెల్ పగలొచ్చు. వెంటనే ఆపండి, ఖాళీ చేయండి, బ్యారెల్ విప్పి వెనకనుంచి వెలుతురుకు పట్టి చూడండి. ఇరవై బోరు తూటా (బోరు అంకె పెరిగితే తూటా సన్నం) పొరపాటున పన్నెండు బోరులో పడినా ఇదే ప్రమాదం. అది చాంబర్ దాటి లోపల ఇరుక్కుంటుంది, చాంబర్ ఖాళీగా కనిపిస్తుంది. ఇరవై బోరు తూటాలకు పసుపు రంగు వేసేది అందుకే. రెండు బోర్లు ఉన్న ఇంట్లో రెండు సంచులూ ఒకేసారి బయటికి తీయకండి.

గ్యాస్ రంధ్రాలు పెద్దవి చేయడం, స్ప్రింగ్ కోయడం, చాంబర్‌ను గరుకు కాగితంతో రుద్దడం ఎవరు చెప్పినా చేయకండి. కొత్తగా ఉన్నప్పుడు నడవనిది రెండు వందల కాల్పుల తర్వాత మామూలుగా నడిచే తుపాకులు ఎన్నో. కోసిన స్ప్రింగ్ మాత్రం తిరిగి రాదు.

గుంపు చూసుకోవడం

తుపాకి నడుస్తోందని తేలాక ఛర్రాలు ఎక్కడ పడుతున్నాయో చూడాలి. నాలుగడుగుల చదరం కాగితం నిలబెట్టి, మధ్యలో గుర్తు పెట్టి, 36 మీటర్ల దూరంనుంచి ఒక్క తూటా కాల్చండి. ఛర్రాలు ఎక్కువగా పడ్డచోట 75 సెంటీమీటర్ల వృత్తం గీసి లోపలివి లెక్కపెట్టండి. బాగా ఇరుకైన ఫుల్ చోక్‌లో సుమారు 70 శాతం, ఇరుకు తక్కువైన మాడిఫైడ్‌లో 60, ఇంకా తక్కువైన ఇంప్రూవ్డ్ సిలిండర్‌లో 50 లోపల పడాలి. ఒక్కో తూటాకు కనీసం మూడు కాగితాలు చూడాలి, ఒక్క కాగితం ఏమీ చెప్పదు. వృత్తం గుర్తుకు ఎప్పుడూ ఒకే పక్కకు జరిగి ఉంటే బట్ కొలతలు సరిచేయించుకోవాలి.

కాల్చాక చేతులు సబ్బుతో కడిగాకే అన్నం. సీసం పొడి బట్టలకు కూడా అంటుకుని ఉంటుంది, పిల్లల్ని ఎత్తుకోకముందే అవి మార్చుకోండి. ఎన్నికల సమయంలో తుపాకి స్టేషన్‌లో అప్పగించాల్సి వస్తే బ్యారెల్ లోపలా బయటా పలుచగా నూనె పూసి ఇవ్వండి. తిరిగి తెచ్చుకున్నాక బ్యారెల్‌లోకి వెలుతురు వేసి చూడకుండా తూటా పెట్టొద్దు. నెలలపాటు కదలకుండా ఉన్న గొట్టంలో కందిరీగ మట్టి గూడు కట్టేస్తుంది, ఎండిన ఆ మట్టి బ్యారెల్‌కు బిరడా బిగించినట్టే.